నైమిశారణ్యంలో బలరాముడు, ఎల్లమ్మ పండుగలో నేను

 

పోయిన నెల మన ఛానెల్‌లో ఒక చిన్న వీడియో పెట్టాం, గుర్తుందా? మూడు నిమిషాలది. రాత్రిపూట, ట్యూబ్‌లైట్ల కింద, నేల మీద రంగురంగుల పెద్ద ముగ్గు, చుట్టూ డోళ్లు, మధ్యలో కాళ్లకు గజ్జెలు కట్టుకున్న ఒక పెద్దాయన. 'ఎల్లమ్మ పండుగలో ఒగ్గు కథ' అని పేరు పెట్టాం. మీలో చాలామంది లైక్ కొట్టారు, షేర్ చేశారు. థ్యాంక్స్. ఆ వీడియో ఎడిట్ చేసింది నేనే. ఆ మూడు నిమిషాల కోసం ఎంత కోసి పారేశానో చెప్పుకుందామని ఈ రోజు రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను పండితుణ్ణి కాను. బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాలు ఛానెల్ పని చూసుకునేవాణ్ణి. మా ఇల్లు వరంగల్‌లో, మట్టెవాడ. భోగేశ్వరాలయం పక్క గల్లీల్లోంచి సైకిల్ తొక్కుకుంటూ పెరిగాను. మాకు దగ్గర్లోనే పోచమ్మ మైదాన్ ఉంది. ఎన్ని వేల సార్లు ఆ పేరు పలికి ఉంటానో లెక్కలేదు. "పోచమ్మ మైదాన్ కాడ దింపు అన్నా" అని ఆటోవాళ్లతో అనడమే తప్ప, అందులో ఒక తల్లి పేరు ఉందని ఒక్కసారీ ఆగి అనుకోలేదు. నా సంగతి ఎలాంటిదో దీన్నిబట్టే అర్థం చేసుకోండి.

మా తాత తాళ్లు ఎక్కిన మనిషి. మోకు, ముత్తాదు కట్టుకుని పొద్దున్నే పోయేవాడట. నాన్న చదువుకుని ఉద్యోగం వచ్చాక మట్టెవాడకు మారాం. మా ఇంటి ఇలవేల్పు ఎల్లమ్మ. తాటి చెట్టు ఎక్కేవాళ్లకు ఆమే దిక్కు, ఆ తర్వాత కాటమయ్య. ఊళ్లో ఎల్లమ్మ పండుగ వచ్చిందంటే నాయనమ్మ ముందుండేది. డోలు దెబ్బ పడితే ఆమెకు పూనకం వచ్చేది. జుట్టు విరబోసుకుని, వేపకొమ్మ పట్టుకుని ఊగుతుంటే చిన్నప్పుడు భయమేసేది. ఇంజనీరింగ్‌లో చేరాక సిగ్గేసేది. హాస్టల్ ఫ్రెండ్స్ ఒకసారి మా ఊరు చూస్తామంటే, పండుగ లేని వారం చూసి తీసుకుపోయాను. ఇది ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లికి ముందు ఇంటి ముందర ఎల్లమ్మ పట్నం వేయించి, కథ చెప్పించాలి. నా పెళ్లి పోయిన సంవత్సరం మే నెలలో అయ్యింది. నాలుగు నెలల ముందు నుంచే నాయనమ్మ పసుపు దంపించి పెట్టుకుంది. నేను ఫోన్‌లోనే తేల్చేశాను: "నాయనమ్మా, నాకున్నదే నాలుగు రోజుల లీవు. హల్దీ ఒక రోజు, సంగీత్ ఒక రోజు. రాత్రంతా డోళ్లంటే గల్లీల ఎవరూ ఊకోరు." సంగీత్‌కు డీజే పెట్టిస్తే గల్లీల ఎవరూ ఏమనరని మాత్రం నాకు ఎట్లా తోచిందో! ఆమె కొట్లాడుతుందనుకున్నా. కొట్లాడలేదు. "సరే బిడ్డా, నీ ఇష్టం" అంది. అంతే.

పెళ్లి బాగా జరిగింది. డ్రోన్ షాట్లు కూడా వచ్చాయి.

ఈ ఎండాకాలం మా ఊళ్లో ఎల్లమ్మ పండుగ చేస్తున్నారని కబురొచ్చింది. వర్ధన్నపేట దిక్కు చిన్న ఊరు మాది. ఛానెల్‌కు మంచి కంటెంట్ దొరుకుతుందని నేను, మొక్కు ఉందని నాయనమ్మ, చూద్దామని మా ఆవిడ, ముగ్గురం బయల్దేరాం. ముగ్గురం పోయింది ఒకే ఊరికి కానీ, ఒకే పనికి కాదు.

హైదరాబాద్‌లో ఆషాఢ బోనాలు చూసినవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఊళ్లలో ఈ కొలుపులు ఎక్కువగా ఎండాకాలంలో పడతాయి. యాసంగి వడ్లు ఇంటికి చేరి ఉంటాయి, వానాకాలం దుక్కులు ఇంకా మొదలవవు. చేతిలో నాలుగు రూపాయలు, చేతికి నాలుగు రోజుల తీరిక ఉండే కాలం అదొక్కటే. పట్నాలకు పోయిన పిల్లలు సెలవులకు వస్తారు. చెరువు ఎండి ఉంటుంది, రాత్రి ఆరుబయట కూర్చుంటే చల్లగా ఉంటుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు సాగుతాయి. అవి ముగిశాక ఊళ్లలో గౌడులు ఎల్లమ్మకు, కురుమలు బీరన్నకు, ముదిరాజులు పెద్దమ్మకు, ఎవరి ఇలవేల్పుకు వాళ్లు కొలుపు పెట్టుకుంటారు. పేరుకు అది ఒక కులం పండుగే అయినా, రాత్రి కథ దగ్గర కూర్చునేది ఊరంతా.

ఒగ్గు అంటే శివుని చేతిలోని డమరుకం. అది వాయిస్తూ చెప్పేది ఒగ్గు కథ. చెప్పేవాళ్లు ఎక్కువగా కురుమ, యాదవ కులాలవాళ్లు. వాళ్లను కళాకారులు అని మనం అంటాం గానీ, ఊళ్లో వాళ్లను పిలిచేది 'ఒగ్గు పూజారులు' అని. మల్లన్న కల్యాణమైనా, బీరప్ప కామరాతి కల్యాణమైనా చేయించే పూజారి వాళ్లే. పూజ, పాట, నాటకం, మూడూ ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి. ఎల్లమ్మ కథను జమిడిక వాయిస్తూ బైండ్లవారు కూడా చెప్తారు. మా ఊళ్లో మాత్రం ఒగ్గు మేళం వచ్చింది. ఆరుగురు మనుషులు, రెండు డోళ్లు, తాళాలు, ఒక నపీర.

ముందు పట్నం వేశారు. ఇది మన ఇళ్ల ముందు వేసే ముగ్గు లాంటిది కాదు. పసుపు, కుంకుమ, తెల్లటి బియ్యప్పిండి, ఆకులు ఎండబెట్టి దంచిన ఆకుపచ్చ పొడి, బొగ్గుపొడి, ఇవే రంగులు. ఇద్దరు మనుషులు నడుం వంచి వేళ్ల మధ్య నుంచి పొడి జారవిడుస్తూ గీతలు గీస్తారు. కొలబద్ద లేదు, చాక్‌పీసు గుర్తు లేదు. అయినా నాలుగు మూలలూ సరిగ్గా కలుస్తాయి. దేవత వచ్చి కూర్చునే నగరం అది, అందుకే పట్నం. గుడి కట్టడానికి ఏళ్లు పడుతుంది. వీళ్లు మూడు గంటల్లో అమ్మకు ఒక ఊరే కట్టేశారు.

కథ మొదలయ్యేసరికి రాత్రి పది దాటింది. నేను ట్రైపాడ్ పెట్టుకున్నాను, మైక్ తగిలించాను. గంట గడిచింది. వినాయకుడి ప్రార్థన, గురువుల స్మరణ, ఊరి దేవతలందరి పేర్లు, ఆ తర్వాత ఏదో రాజు, ఏదో పుట్ట, సంతానం లేని బాధ. నా బ్యాటరీ సగమైంది. అసలు ఘట్టం ఎప్పుడొస్తుందో తెలియదు. వాళ్లు బీడీ విరామం తీసుకున్నప్పుడు పెద్దాయన దగ్గరికి పోయి, చాలా మర్యాదగానే అన్నాననుకున్నాను: "కాకా, పరశురాముడు తల నరికే ముచ్చట ఒక్కటి ముందు చెప్తరా? ఇప్పుడు లైట్ మంచిగున్నది. ఓ పది నిమిషాలు చాలు. మిగతాది మీ ఇష్టం."

ఆయన నా వైపు చూసి నవ్వాడు. "సారూ, అమ్మ ఇంక పుట్టనే లేదు. పుట్టకముందే సావు చెప్పమంటవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నాయనమ్మ మాత్రం నవ్వలేదు, నా కాళ్ల వైపు చూసింది. చెప్పులు వేసుకుని పట్నం అంచు దాకా వచ్చేశానని అప్పుడు చూసుకున్నాను.

ఇక్కడ భాగవతంలోని ఒక ఘట్టం చెప్పాలి. దశమ స్కంధంలో కృష్ణలీలలు అందరం వింటాం కానీ, దీన్ని ఎక్కువమంది దాటేస్తారు. కురుక్షేత్ర యుద్ధంలో ఎవరి పక్షమూ ఉండలేక బలరాముడు తీర్థయాత్రకు బయల్దేరాడు. తిరుగుతూ తిరుగుతూ నైమిశారణ్యం చేరాడు. అక్కడ ఋషులు దీర్ఘసత్రం చేస్తున్నారు, అంటే ఏళ్ల తరబడి సాగే యాగం. బలరాముణ్ణి చూడగానే అందరూ లేచి నమస్కరించారు. ఒక్క మనిషి లేవలేదు. ఎత్తైన ఆసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఆయన పేరు రోమహర్షణుడు. వ్యాసుని దగ్గర పురాణాలు నేర్చినవాడు. ఆయన కథ చెప్తుంటే వినేవాళ్ల ఒళ్లు గగుర్పొడిచేదట, ఆ పేరు అందుకే. కులం చూస్తే సూతుడు. ఋషుల కన్నా ఎత్తులో ఒక సూతుడు కూర్చోవడమా, పైగా నన్ను చూసి లేవకపోవడమా అని బలరాముడికి కోపం వచ్చింది. ఇంత చదివీ వినయం రాలేదు, వీడి చదువు నటుడి వేషం లాంటిది అనుకున్నాడు. చేతిలోని దర్భకొనతో కొట్టాడు. రోమహర్షణుడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు.

ఋషులు హాహాకారాలు చేశారు. అప్పుడు వాళ్లు చెప్పిన మాటే నాకు ముఖ్యం. అయ్యా, ఆ ఆసనం ఆయన ఎక్కి కూర్చున్నది కాదు, మేం ఇచ్చింది, మా సత్రం అయ్యేదాకా అలసట లేని ఆయుష్షు కూడా ఇచ్చాం, నువ్వు తెలియక తప్పు చేశావు అన్నారు. అంటే ఆయన లేవకపోవడం పొగరు కాదు. కథ నడుస్తున్నంతసేపూ ఆ పీటది ఒక మర్యాద, దాన్ని ఆయన నిలబెట్టాడు. బలరాముడు భగవంతుని అంశ. ఆదిశేషుడు. అంతటివాడికీ ఒక కథకుణ్ణి చూసినప్పుడు ముందు కంటబడింది కులమే, తనకు దక్కని నమస్కారమే. ఆయన దేని మీద కూర్చున్నాడో కనపడలేదు.

తర్వాత బలరాముడు తప్పు ఒప్పుకున్నాడు. తండ్రే కొడుకుగా పుడతాడు కదా, ఇకపై ఈయన కొడుకు మీకు పురాణం చెప్తాడు అన్నాడు. ఆ కొడుకు ఉగ్రశ్రవసుడు. మనం భాగవతం, భారతం మొదట్లో "శౌనకాది మునులకు సూతుడు చెప్పెను" అని వింటామే, ఆ సూతుడు. ఋషులు కోరితే యాగాన్ని పాడుచేస్తున్న పల్వలుణ్ణి బలరాముడు చంపాడు. ప్రాయశ్చిత్తంగా పన్నెండు నెలలు భారతదేశమంతా తిరుగుతూ తీర్థస్నానాలు చేశాడు. ఒక కథకుణ్ణి అవమానించినందుకు ఏడాది నడక! దీన్ని సంస్కృతంలో నేను చదవలేదు. పోతనగారి తెలుగులోనే చదివాను. పోతనగారి ఊరు బమ్మెర మా వరంగల్ నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరం.

నేను ఆ రాత్రి ఎవరినీ దర్భతో కొట్టలేదనుకోండి. కానీ చెప్పులేసుకుని పోయి, ఆరు గంటల కథలో పది నిమిషాలు ముందుకు తెమ్మన్నాను.

ఇక్కడ మీకు ఒక అనుమానం రావచ్చు. నా ఆఫీసు ఫ్రెండ్ ఒకతను సూటిగానే అడిగాడు: "భాగవతం సంగతి వేరు బ్రో, అది శాస్త్రం. ఊళ్లో చెప్పేది అదే రేణుక కథ అయినా ఏవేవో కలిపి మార్చేస్తారు కదా. దాన్ని భక్తి అనాలా, వినోదం అనాలా?" మంచి ప్రశ్నే. తేడాలు నిజంగానే ఉన్నాయి. భాగవతం నవమ స్కంధంలో రేణుక నీళ్లకు గంగకు పోతుంది, అక్కడ గంధర్వరాజు జలక్రీడ చూస్తూ కాస్త ఆలస్యం చేస్తుంది. జమదగ్ని కోపంతో తల్లిని చంపమని కొడుకులకు చెప్తాడు. పెద్దవాళ్లు మాట వినరు, పరశురాముడు వింటాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే, తల్లీ అన్నలూ బతకాలి, జరిగింది వాళ్లకు గుర్తుండకూడదు అంటాడు. వాళ్లు నిద్ర లేచినట్టు లేస్తారు. అక్కడితో ఆ ముచ్చట అయిపోతుంది. అది పరశురాముడి కథ, రేణుక అందులో వచ్చిపోతుంది.

ఒగ్గు కథలో అట్లా కాదు. అది ఎల్లమ్మ కథ. ఆమె పుట్టలో పుట్టింది. ఆమె పాతివ్రత్యం ఎంతటిదంటే, కాల్చని ఇసుక కుండలో నీళ్లు తెచ్చేది, పామును చుట్టి నెత్తిమీద చుట్టకుదురుగా పెట్టుకునేది. ఆ కుండ ఒకనాడు నిలవలేదు. కొడుకు గొడ్డలి ఎత్తితే ఆమె మాల మాదిగ వాడకు పరుగెత్తింది. అక్కడ ఒక తల్లి ఆమెను కౌగిలించుకుని అడ్డుపడింది. ఒక్క వేటుకు రెండు తలలూ తెగాయి. బతికించేటప్పుడు ఒకరి తల ఒకరి మొండేనికి అతికింది. అందుకే ఊళ్ల గుళ్లలో ఎల్లమ్మను తల రూపంలో కొలుస్తారని మా వైపు చెప్తారు. కథలు ఊరూరికీ కొంచెం మారతాయి, మేం విన్నది ఇది.

మా ఫ్రెండ్ దీన్ని 'మార్చేయడం' అన్నాడు. నాకు వేరుగా తోస్తుంది. పురాణంలో జరిగింది ఆమెకు గుర్తుండకూడదన్నది వరం. కథ చెప్పేవాళ్లు మాత్రం దాన్ని ఊరికి గుర్తుండేలా చేశారు. ఆపదలో ఆమెకు అడ్డుపడిన తల్లిని కూడా మరిచిపోలేదు. తల్లికి జరిగింది తల్లి మరిచిపోవచ్చు, పిల్లలు మరవకూడదు అనుకున్నారేమో. ఇది శాస్త్రానికి ఎదురు అని నాకు అనిపించలేదు. శాస్త్రం ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి ఊరు అందుకున్నట్టు అనిపించింది.

వినోదమా అంటే, అవును, వినోదం కూడా. ఆయన రేణుక అయినప్పుడు భుజం మీది కండువా నెత్తిన కొంగయ్యేది, జమదగ్ని అయినప్పుడు అదే కండువా జటగా మారేది. మధ్యలో ఊరి సర్పంచు మీద జోకులు, ఎండల మీద జోకులు. "ఇన్‌స్టా చూసుకుంట అమ్మ పిలిచినా పలుకరు" అని మా లాంటి పిల్లల మీద కూడా. నన్నే చూసి అన్నాడని మా ఆవిడ అంటుంది.

ఇక నేను వీడియోలో కోసేసిన సంగతికి వస్తాను. కథకుడు ఒక వాక్యం చెప్తాడు. పక్కన వంత మనిషి "ఆ" అంటాడు. "ఎల్లమ్మ కుండెత్తుకున్నది." "ఆ." "ఏటి దిక్కు నడుస్తున్నది." "ఆహా, నడుస్తున్నది." ఒక్కోసారి "ఎందుకు?" అని అడుగుతాడు, ఒక్కోసారి "అయ్యో" అంటాడు. ఎడిటింగ్ టేబుల్ మీద నాకు అవన్నీ చెత్తలాగా కనపడ్డాయి. డెడ్ ఎయిర్ అంటాం మా భాషలో. ఒక్కో "ఆ" తీసేస్తే వీడియో సెకండ్ సెకండ్ తగ్గింది, కథ స్పీడ్ అందుకుంది. అప్‌లోడ్ చేసే ముందు నాయనమ్మకు ఫోన్‌లో చూపించాను. మొత్తం చూసింది. "ఏందిరా, ఎవరూ వింటలేరా ఆయన చెప్పేది?" అంది.

నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిదింటిలో అది ముందు నిలబడింది. మనం దాన్ని చాలా తేలికైన భక్తి అనుకుంటాం. చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ట్రాఫిక్‌లో, ఒకటిన్నర స్పీడ్‌లో ప్రవచనం పెట్టుకుంటే శ్రవణం అయిపోయినట్టే లెక్క. నేనూ అట్లా విన్నవాణ్ణే, అట్లాగే వింటున్నాను కూడా. అసలు వినకపోవడం కంటే నయమే. కానీ పరీక్షిత్తును చూడండి. ఏడు రోజుల్లో చావు ఖాయమని తెలిసి గంగ ఒడ్డున కూర్చున్నవాడు. శుకుడు చెప్తుంటే ఊరికే కూర్చోలేదు. అడిగాడు. మళ్లీ అడిగాడు. అది ఎట్లా, ఇది ఎందుకు, ఇంకా చెప్పు అన్నాడు. ఆ ప్రశ్నలు తీసేస్తే భాగవతంలో సగం స్కంధాలకు మొదలే ఉండదు. ఒగ్గు కథలో వంత మనిషి చేసేది అదే పని. ఆ ఊళ్లో కూర్చున్న రెండు మూడు వందల మంది తరఫున ఆయన వింటున్నాడు, వింటున్నానని కథకుడికి చెప్తున్నాడు. ఆ వంత మనిషి ఎవరో తర్వాత తెలిసింది. పెద్దాయన కొడుకే. పగలు ఆటో నడుపుతాడట. రాత్రి రెండు దాటాక తండ్రి గొంతు జీరపోతే, ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. కొడుకు కథ అందుకున్నాడు, తండ్రి పక్కన నిలబడి "ఆ" అన్నాడు. ఆ సమయానికి నా మెమరీ కార్డ్ నిండిపోయింది, అందుకే ఆ ముక్క వీడియోలో లేదు.

మన వరంగల్ ప్రాంతానికి ఇది కొత్తదేమీ కాదు. పాలకుర్తిలో పుట్టిన పాల్కురికి సోమనాథుడు శివకవి, పండితుడు. ఆయన బసవపురాణం రాయడానికి ద్విపదను తీసుకున్నాడు. జనం పాడుకునే దేశి ఛందస్సు అది. పండితారాధ్య చరిత్రలో ఆనాడు జనం పాడుకునే పదాల పేర్లు వరుసగా చెప్పాడు. క్రీడాభిరామం చదివితే ఓరుగల్లు వీధుల్లో మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఒక రోజంతా తిరుగుతారు. వాళ్లకు దారిలో ఏకవీర గుడి కనపడుతుంది, కథ పాడే జక్కుల స్త్రీ కనపడుతుంది, మైలారు దేవుని భక్తులు ఒళ్లు మరిచి చేసే సాహసాలు కనపడతాయి. ఆ మైలారు దేవుణ్ణే మనం ఇప్పుడు మల్లన్న అంటున్నామని పెద్దలు చెప్తారు. అంటే నేను సిగ్గుపడి ఫ్రెండ్స్‌కు చూపించని పండుగను ఒక కవి ఆరు వందల ఏళ్ల కింద కావ్యంలోకి ఎక్కించాడు. మన కాలానికి వస్తే జనగామ దగ్గరి మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథతోనే కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 2017లో పోయారు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం కూడా మన వరంగల్‌లోనే ఉంది. నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ అది ఉందని నాకు తెలియదు.

యాటపోతును కోసే సంగతి అడుగుతారని తెలుసు. కోశారు. నేను చూడలేకపోయాను, పక్కకు పోయాను. నాయనమ్మ కూడా ఈ ఏడు మా ఇంటి తరఫున కొబ్బరికాయ కొట్టి, బెల్లపన్నం బోనం, కల్లు సాకతోనే మొక్కు చెల్లించింది. అదే సరైనదని నేను ఊరికి పాఠం చెప్పబోను. ఏడాదికి రెండు వందల రోజులు బిర్యానీ ఆర్డర్ పెట్టేవాణ్ణి, అమ్మ ముందర మాత్రం అహింస మాట్లాడితే బాగుండదు.

కథ మధ్యలో కట్నాలు చదువుతారు. సరిగ్గా పరశురాముడు గొడ్డలి ఎత్తినప్పుడే ఆపేశారు, యూట్యూబ్‌లో యాడ్ పడ్డట్టు. ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు ఐదువందల పదహార్లు, వాళ్ల పిల్లాజెల్లా చల్లగుండాలె అని దీవిస్తూ డోలు దెబ్బ. నేను నీళ్లు తాగుతున్నాను. మైకులో నా పేరు వినపడింది. నా పేరు, మా ఆవిడ పేరు, మా ఇంటి పేరు. "పోయినేడు లగ్గమైంది, పట్నం బాకీ ఉన్నది, నాయనమ్మ వెయ్యిన్నూట పదహార్లు చదివిచ్చింది, అమ్మా ఎల్లమ్మా, బాకీ చెల్లె" అన్నాడాయన. డోళ్లు మోగాయి.

నేను ఆమె వైపు చూశాను. ఆమె పట్నం వైపే చూస్తోంది. అప్పుడు మా ఆవిడ నా చెవిలో చెప్పింది. సాయంత్రం పట్నం వేసేటప్పుడు నాయనమ్మ కొంగులోంచి ఒక మూట తీసి ఇచ్చిందట, పసుపు పొడి. పోయిన ఏడు నా పెళ్లి పట్నం కోసం దంపించిన పసుపు. ఏడాదిగా బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. నేను రెండు గంటలు కెమెరాలో జూమ్ చేసి మరీ తీసిన ఆ పసుపు గీతల్లో మా ఇంటి పసుపూ ఉంది, నాకు తెలియనే తెలియదు.

ఆమెతో ఏదో ఒకటి అనాలనిపించింది. "నాయనమ్మా, నాకు చెప్పొచ్చు కదా" అన్నాను. అంతకన్నా పిచ్చి మాట ఇంకోటి దొరకలేదు.

"చెప్పిన గద బిడ్డా పోయినేడు" అంది.

తెల్లవారుజామున కథ ముగిసింది. పూజారులు, శివసత్తులు గజ్జెలతో పట్నం మీదికి దిగారు. అంత కష్టపడి వేసిన నగరాన్ని డోలు దెబ్బకు అడుగులు వేస్తూ తొక్కేశారు. పది నిమిషాల్లో గీతలన్నీ కలిసిపోయి నేల ఒకటే ఎర్రటి పసుపు మడుగు అయ్యింది. అది అట్లాగే జరగాలట, అమ్మ వచ్చిపోయిందనడానికి అదే గుర్తు. బ్యాకప్ తీసుకునే అలవాటున్న నా బుర్రకు అది ఇంకా పూర్తిగా ఎక్కలేదు. డోలు ఊపు అందుకున్నప్పుడు నాయనమ్మ లేచి నిలబడింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు సహకరించవు. పూనకం రాలేదు. నా చెయ్యి పట్టుకుని, నిలబడ్డ చోటే మెల్లగా అడుగు మార్చి అడుగు వేసింది. ఈసారి నేను చుట్టూ ఎవరు చూస్తున్నారో చూడలేదు. చెప్పులు కూడా రాత్రి పదకొండు గంటలకే విడిచేశాను.

తిరిగొచ్చేటప్పుడు ఆ కలిసిపోయిన రంగుపొడి చిటికెడు కాగితంలో కట్టుకుని తెచ్చింది. ఇప్పుడు మట్టెవాడ ఇంట్లో దేవుడి గూట్లో ఉంది.

వీడియో సంగతి. మూడు నిమిషాలది తీసేయడం లేదు, చూసినవాళ్లు చూశారు. నా దగ్గరున్న నాలుగు గంటల రికార్డింగును ఒక్క "ఆ" కూడా తీయకుండా వచ్చే ఆదివారం పెడుతున్నాం. పెద్దాయనను, వాళ్లబ్బాయిని అడిగి, సరే అన్నాకే పెడుతున్నాం. దాని మీద వచ్చే డబ్బులు మేళానికే పోతాయి. చివరి రెండు గంటలు లేవు, కార్డు నిండిందని చెప్పాను కదా. తల తెగాక అమ్మ ఎట్లా లేచిందో వినాలంటే వచ్చే ఎండాకాలం ఊరికి రావాల్సిందే. నాయనమ్మ అప్పుడే మా ఆవిడతో కలిసి పసుపు కొమ్ములు ఎండబెట్టింది. ఈసారి లీవు నేను ముందే పెట్టుకుంటాను.

ఎల్లమ్మ తల్లికి జై.